మోకాళ్ళ బుద్ధుడు

కృష్ణ మధ్యలో ఉన్న నాగార్జునకొండ గురించి హజ్రా బీకి తెలియని సంగతి లేదని డ్యాం కుడిగట్టున ఉన్న రైట్ బ్యాంకు ఊళ్ళో అందరూ అనుకునేవారు. ఆవిడ ఆ కొండ మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదని మాత్రం ఇద్దరికే తెలుసు. ఒకరు ఆవిడ కోడలు తహసీన్. రెండోవాడు లాంచి నడిపే సాల్మన్ రాజు.

లాంచీ స్టేషన్ గేటు పక్కన ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడది టీకొట్టు. టీ, మిరపకాయ బజ్జీలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. భర్త అబ్దుల్ రహీమ్, కొడుకు ఐజాజ్ మాచర్లలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతారు. కొట్టు పని అత్తాకోడళ్ళది. వారంలో ఒక్క శుక్రవారం కొట్టు మూస్తారు. కొండ మీద మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు, ఆ రోజు లాంచి కదలదు.

"ఆళ్ళ సెలవూ మన సెలవూ ఒకటే రోజు. ఇంక ఎప్పుడు కుదురుద్ది?" అని కోడలితో అనేది హజ్రా బీ.

అది నిజమే గానీ, సగమే నిజం. మిగతా సగం నీళ్ళు. బకెట్టు కంటే లోతైన నీళ్ళంటే ఆవిడకు చిన్నప్పటి నుంచీ వణుకు. ఏటి ఒడ్డునే బతుకుతూ ఆ మాట బయటికి చెప్పుకోవడానికి సిగ్గు.

చూడకపోయినా చెప్పడానికి లోటేమీ లేదు. లాంచి దిగి వచ్చినవాళ్ళందరూ ముందు ఆవిడ బల్ల మీదే కూలబడేవారు. టీ గ్లాసు పట్టుకుని బుద్ధుడి గురించి ఒక ముక్క, కాళ్ళ గురించి పది ముక్కలు చెప్పేవారు. ఎక్కడ ఎండ, ఎక్కడ నీడ, ఏ మెట్టు జారుతుంది, ఏ పంపులో నీళ్ళు చల్లగా వస్తాయి, కోతులు ఏ మలుపులో చేతిసంచి లాక్కుంటాయి, అన్నీ ఆవిడ చెవిన పడేవి. రోజుకు పాతిక మంది చొప్పున ఇరవై ఎనిమిదేళ్ళు విన్నాక, కళ్ళు మూసుకుంటే కొండంతా కనపడేది. మర్నాడు లాంచి ఎక్కబోయేవాళ్ళు వచ్చి "అమ్మా, బుద్ధుడి గుడి ఎటు?" అని అడిగితే తడుముకోకుండా చెప్పేది.

"మెట్లెక్కి పైకి పోండి. వేపచెట్టు కింద బల్ల ఉంటది. ఆడ కాసేపు కూకోండి. ఆడ్నించి ఎడం చేతి దారి పట్టుకుంటే ఇటికల గుండ్రం వచ్చుద్ది. చుట్టూ తిరగండి. చెప్పులు ఆడ్నే వదిలి దూరం పోబాకండి, బండలు కాలతయ్."

ఏ ఒక్కరూ తిరిగొచ్చి నువ్వు తప్పు చెప్పావని అనలేదు. అందుకని ఆవిడకు తన మాట మీద అనుమానమూ లేదు.

మొన్న మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, కొట్టు ముందు ఒక ప్రైవేటు బస్సు ఆగింది. బస్సు దిగడానికి ఒక్కొక్కరికీ అయిదేసి నిమిషాలు పట్టింది. ఒకే ఒక్క మగాయన తప్ప అందరూ ఆడవాళ్ళే, అందరూ యాభై దాటినవాళ్ళే. ఒక చెయ్యి తలుపుకి, ఒక చెయ్యి మోకాలికి పెట్టి, "అమ్మా", "అయ్యా", "దేవుడా" అనుకుంటూ దిగారు. వాళ్ళలో ఒక్కావిడ మాత్రం ముందే గబగబా దిగి, నేరుగా హజ్రా బీ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. చెవులకు దుద్దులు, భుజాన తువ్వాలు, గొంతు మైకులాంటిది.

"వదినా! గుర్తుపట్టావా?"

హజ్రా బీకి ఏమీ గుర్తు రాలేదు. "పట్టకపోతే ఎట్టా వదినా" అంది. అడిగిన అందరికీ అదే జవాబు చెప్పేది ఆవిడ.

"నేను కొండమ్మని. రొంపిచెర్ల. పోయిన కార్తీకం ముందటి కార్తీకంలో వచ్చా. ఇదిగో, ఈ బల్ల మీదే కూలబడి మోకాళ్ళు పట్టుకుని ఏడ్చా. నువ్వేమన్నావు? 'ఆడికి పోయి మూడు చుట్లు తిరుగు వదినా, పట్టు వదులుద్ది' అన్నావు. పోయి తిరిగా. ఇప్పుడు చూడు!"

కొండమ్మ అక్కడే, బజ్జీల పొయ్యి పక్కన, గొంతుక్కూర్చుని లేచింది. మళ్ళీ కూర్చుని లేచింది. టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు గ్లాసులు పక్కన పెట్టి చూశారు.

హజ్రా బీకి విషయం మెల్లగా అర్థమైంది. మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చినవాళ్ళు ఎవరు కాళ్ళు పట్టేశాయన్నా ఆవిడ ఆ మాటే చెబుతుంది. కాస్త నడిస్తే పట్టు వదులుతుందని, అంతే. అందులో మహిమ ఉందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

"ఊళ్ళో చెబితే ఒక్కరూ నమ్మలా" అంది కొండమ్మ. "ఏడాది పైన చూశారు నన్ను. ఇప్పుడు నమ్మారు. అందుకే మా ఊరి మోకాళ్ళన్నీ తీసుకొచ్చా. ముప్పై నాలుగు మంది."

"అరవై ఎనిమిది మోకాళ్ళు" అన్నాడు వెనక నుంచి ఒకాయన. కొండమ్మ భర్త నాగేశ్వరరావు. ఒకప్పుడు సర్పంచి. ఇప్పుడు చేతిలో మడతకుర్చీ, భుజాన నీళ్ళ సీసాల సంచి. ఆ కుర్చీ నాగేంద్రమ్మ అనే డెబ్బయ్యేళ్ళ పెద్దావిడ కోసం. ఆవిడ కర్ర పోటేసుకుంటూ వచ్చి హజ్రా బీని కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా చెప్పింది? నాకు నమ్మకం లేదు. కొండమ్మ పోరు పడలేక వచ్చా."

"నమ్మకం లేకపోతే నయం కాదు పిన్నమ్మా" అని కసిరి, కొండమ్మ అసలు మాట బయటపెట్టింది. "వదినా, నువ్వు కూడా రావాల. ఆ మాట నీ నోటితో చెబితేనే నాకు తగ్గింది. ఈళ్ళకీ నువ్వే చెప్పాల, ఆడ నిలబడి."

హజ్రా బీ మూకుడు వంక చూపించింది. "నూనె కాగతా ఉంది వదినా, ఎట్టా వచ్చేది?"

"బజ్జీలు నేను వేస్తా అమ్మీ, మీరు పోండి" అంది తహసీన్, నవ్వు ఆపుకుంటూ.

"టికెట్లు దొరకవేమో."

"నీకూ కలిపి ముప్పై ఏడు కొనేశా" అంది కొండమ్మ.

నాకు మోకాళ్ళ నొప్పులు అనే మాట హజ్రా బీ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ గుంపులో ఆ మాట అంటే వదిలిపెట్టరు సరిగదా, ఎత్తుకుని తీసుకుపోతారు. కోడలి వంక గుర్రుగా చూసి, కొంగు తల మీదికి లాక్కుని, నడిచింది.

లాంచి దగ్గర సాల్మన్ రాజు అందరికీ లైఫ్ జాకెట్లు ఇస్తున్నాడు. హజ్రా బీని చూసి అతని చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"పిన్నమ్మా! నువ్వా?"

"గట్టిగా అరవబాక."

అతను జాకెట్టు తొడిగి బకిల్ పెడుతూ చెవి దగ్గర అన్నాడు. "మజ్జెలో కూకో. అంచు కాడికి రాబాక. నీళ్ళ వంక చూడబాక. నేను నిదానంగా పోనిస్తాలే."

హజ్రా బీ మధ్య బెంచీలో కూర్చుంది. పక్కన నాగేంద్రమ్మ. ఇంజను దడదడలాడి లాంచి ఒడ్డు వదలగానే ఇద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు. అవతలి మనిషి భయపడుతోందని ఇవతలి మనిషి, ఇవతలి మనిషి భయపడుతోందని అవతలి మనిషి, ఇద్దరూ ధైర్యం చెప్పుకున్నారు. హజ్రా బీ గట్టిగా కళ్ళు మూసుకుంది.

రొంపిచెర్ల ఆడవాళ్ళు ఊరుకునే రకం కాదు. "ఆడ ఏముంటది వదినా?" అని ఒకరు, "చానా ఎక్కాలా?" అని ఇంకొకరు మొదలుపెట్టారు. మాట్లాడితే భయం తగ్గుతుందని హజ్రా బీ కళ్ళు తెరవకుండానే చెప్పసాగింది. దిగగానే మెట్లు, పైన గోడ, కోట గుమ్మం, గుమ్మం దాటాక పంపు, పంపు దాటాక వేపచెట్టు, చెట్టు మీద కోతులు.

"చూశారా, కళ్ళు మూసుకుని చెప్పుద్ది!" అంది కొండమ్మ గర్వంగా.

ఆడవాళ్ళందరూ తలలూపారు. నాగేంద్రమ్మకు కూడా కాస్త నమ్మకం కుదిరినట్టే కనపడింది. స్టీరింగు దగ్గర సాల్మన్ రాజు అటు తిరిగి దగ్గాడు.

గంట తర్వాత లాంచి కొండకు తగిలింది. గట్టి నేల మీద కాలు పెట్టగానే హజ్రా బీకి ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా మెట్లు. పైన రాతి గోడ. గోడలో గుమ్మం. అన్నీ తను చెప్పిన చోటే ఉన్నాయి. గుమ్మం దాటగానే ఎడమ పక్క పంపు కనపడేసరికి ఆవిడ తనను తాను మర్చిపోయి "ఉంది!" అని కేక పెట్టింది.

"ఏం ఉంది?" అన్నాడు నాగేశ్వరరావు.

"పంపు."

"పంపు ఉంటే ఏంది?"

"మొన్న పాడయ్యిందన్నారు. బాగుచేశారు" అని సర్దుకుంది.

వేపచెట్టు కూడా ఉంది. దాని కింద బల్ల ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు నోటితో చెప్పిన బల్లను ఆవిడ చేత్తో తడిమి చూసింది. బుద్ధుణ్ణి చూసినా అంత ఆనందపడేది కాదేమో. అక్కడ అందరినీ కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. సంచులు ఒళ్ళో పెట్టుకోమంది. అన్న అర నిమిషానికే ఒక కోతి దూకి, మాట వినని ఒకావిడ అరటిపళ్ళు లాక్కుపోయింది. దాంతో హజ్రా బీ మాటకు ఎదురులేకుండా పోయింది. ఆవిడకు కూడా తన మీద తనకు గట్టి నమ్మకం వచ్చేసింది.

"పదండి. ఎడం చేతి దారి" అంది.

ఆ దారి పూలమొక్కల మధ్య నుంచి, పలుగులూ పారలూ పెట్టుకునే రేకుల షెడ్డు పక్క నుంచి పోయింది. షెడ్డు వెనక, మోకాలెత్తున గుండ్రంగా ఇటుకల కట్టడం ఒకటి ఉంది. పైన గడ్డి మొలిచింది. మధ్యలో నిలువుగా ఒక ఇనుప గొట్టం.

"ఇదే! ఇదే!" అంది కొండమ్మ. గబగబా పోయి గొట్టానికి దణ్ణం పెట్టింది. "పసుపు కుంకం నేనే పెట్టా దీనికి."

హజ్రా బీకి ఎందుకో కొంచెం చిన్నబోయినట్టనిపించింది. దేశదేశాల నుంచి వచ్చి చూసేది ఇదేనా? కానీ కొండమ్మ అంత నమ్మకంగా చెబుతుంటే తను కాదనేదేముంది? గట్టిగా ఊపిరి పీల్చి, అందరూ వినేలా చెప్పింది. "మూడు చుట్లు తిరగండి. నిదానంగా తిరగండి. పట్టు వదులుద్ది."

ముప్పై నాలుగు మంది కదిలారు. ముందు కొండమ్మ, చివర కర్రతో నాగేంద్రమ్మ. చోటు తక్కువ, మనుషులు ఎక్కువ కావడంతో ముందున్న కొండమ్మ చుట్టు తిరిగొచ్చి నాగేంద్రమ్మ వెనకే తేలింది. ఎవరు ఎన్నో చుట్టులో ఉన్నారో ఎవరికీ తెలియలేదు. "నాది రెండు", "కాదే, నీది ఒకటే", "నన్ను తొయ్యబాకండి" అని గోల.

ఆ గోలకు పక్క దారిలో పోతున్న కాలేజీ పిల్లలు ఇటు వచ్చారు. వాళ్ళ వెనకే వాళ్ళ లెక్చరర్ శరత్, నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే కుర్రాయన. తిరుగుతున్న ఆడవాళ్ళ వంక కాసేపు చూసి, నాగేశ్వరరావు దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ వీళ్ళు?"

"బుద్ధుడి చుట్టూ తిరుగుతున్నారు."

"బుద్ధుడు ఇక్కడ లేడు కదండీ. స్తూపం, విగ్రహం అన్నీ కుడి పక్క దారిలో ఉన్నాయి."

"మరి ఇదేంది?"

శరత్ ఇబ్బందిగా చెప్పాడు. "ఇది నీళ్ళ ట్యాంకు దిమ్మండీ. మొక్కలకి నీళ్ళు పెట్టడానికి ఎప్పుడో కట్టారు. ట్యాంకు తీసేశారు, దిమ్మె మిగిలింది."

నెమ్మదిగానే చెప్పాడు గానీ కొండమ్మ విననే విన్నది. ఆవిడ ఆగింది. ఆవిడ ఆగేసరికి వెనకావిడ తగిలింది. ఆవిడకు ఇంకో ఆవిడ తగిలింది. ఊరేగింపు మొత్తం నిలిచిపోయింది.

"ట్యాంకా?"

"అవునమ్మా."

"ఏయ్ నాయనా, నువ్వు చిన్నోడివి. నీకేం తెలుసు? మా హజ్రా వదిన ముప్పై ఏళ్ళ నుంచి చూస్తా ఉంది. ఆమెని అడుగు."

అంతలో షెడ్డులో నుంచి తోటమాలి ఫ్రాన్సిస్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. "ట్యాంకే అమ్మా. పైపు కనపడతా లేదూ?" అన్నాడు. తర్వాత శరత్ వంక తిరిగి, చాలా కాలంగా ఎవరికైనా చెప్పుకోవాలని చూస్తున్నవాడిలా అందుకున్నాడు. "పన్నెండేళ్ళ నుంచి చూస్తన్నా సార్. వచ్చినోళ్ళలో సగం మంది ముందు ఈడికే వస్తారు. పూలేస్తారు, చుట్టూ తిరుగుతారు, ఫోటోలు దిగుతారు. ఎందుకయ్యా అంటే, లాంచి కాడ టీకొట్టు ముసలమ్మ ఎడం పక్క పొమ్మందంటారు. ఆ ముసలమ్మ ఎవరో గాని ఒక్కసారన్నా వచ్చి చూసిపోతే బాగుండు."

ముప్పై నాలుగు ముఖాలు హజ్రా బీ వైపు తిరిగాయి.

ఆవిడ వెనక్కి తిరిగి వచ్చిన దారి వంక చూసింది. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. తనకు దారి చెప్పినవాళ్ళందరూ తిరిగొచ్చినవాళ్ళు. వచ్చేదారిలో ఏది ఎడమో అది చెప్పారు. పోయేదారిలో అది కుడి అవుతుందని తనకు తట్టలేదు. గుమ్మం పక్కన పంపు ఏ వైపున ఉన్నా కనపడుతుంది, చెట్టు ఎటు నుంచి చూసినా చెట్టే. దారి మాత్రం అట్లా కాదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్ని వేల మందిని ఈ దిమ్మె దగ్గరికి పంపిందో లెక్కకు అందలేదు. పాపం వాళ్ళు కూడా ఏదో ఒకటి చూశాం కదా అని సరిపెట్టుకుని వెళ్ళిపోయారు.

అబద్ధమాడడానికి ఇంకా ఒకటి రెండు దారులున్నాయి. ఈమధ్య మార్చారనవచ్చు. కళ్ళు తిరుగుతున్నాయని కూర్చోవచ్చు. కానీ ఎదురుగా నాగేంద్రమ్మ కర్ర మీద వాలి, ముఖాన చెమటతో, తన మాట మీద ఒకటిన్నర చుట్టు తిరిగి నిలబడి ఉంది.

"వదినా, తప్పు నాదే" అంది హజ్రా బీ. "నేనెప్పుడూ ఈ కొండ ఎక్కలా. ఇదే మొదలు. అందరూ చెప్పింది విని చెప్పా. నాకు నీళ్ళంటే భయం."

కొండమ్మ దిమ్మె మీద కూర్చుండిపోయింది. "ట్యాంకుకి పసుపు రాశా" అంది. "ఊరందరికీ చెప్పా. ఏడాది పైన చెప్పా. మా వియ్యపురాలికి కూడా చెప్పా." ముఖం కొంగులో దాచుకుంది. మరుక్షణం తల ఎత్తింది. "అట్టయితే నా మోకాళ్ళు ఎట్టా తగ్గినయ్? సారూ, నువ్వు చెప్పు. చదువుకున్నావు గదా. ట్యాంకు దిమ్మెకి మోకాళ్ళు తగ్గుతయ్యా?"

శరత్‌కు ఆ పాఠం తెలియదు. పిల్లలందరూ ఆయన వంకే చూస్తున్నారు.

ఆదుకున్నది నాగేశ్వరరావు. "ఏమే, నువ్వు ఈడ తిరిగింది మూడు చుట్లే. ఇంటికొచ్చాక ఏం చేశావు? 'బుద్ధుడు వదిలించాడు, మానితే మళ్ళీ పట్టుద్ది' అని రోజూ పొద్దున్నే మిరపచేను గట్టు మీద మూడు చుట్లు తిరగడం మొదలుపెట్టావు. చేను మూడెకరాలు. ఒక్క రోజన్నా మానావా? వానలో గూడా గొడుగేసుకుని తిరిగావు. మోకాళ్ళు తగ్గక ఏం చేస్తయ్?" తర్వాత శరత్‌తో అన్నాడు. "పదేళ్ళ నుంచి డాక్టరు నడవమని మొత్తుకున్నాడు సార్. డాక్టరు మాట ఇంటదా? టీకొట్టామె మాట ఇన్నది."

ఆ మాట ఆడవాళ్ళలోకి మెల్లగా ఇంకింది. ముందు నవ్వింది నాగేంద్రమ్మ. పళ్ళు లేని నోటితో, భుజాలు ఊగేలా నవ్వి నవ్వి, నాగేశ్వరరావు తెచ్చిన మడతకుర్చీలో కూర్చుని మళ్ళీ నవ్వింది. "ట్యాంకు చుట్టూ తిప్పించిందే మనల్ని! నా డెబ్బయ్యేళ్ళ బతుకులో ఇంత తమాషా చూళ్ళేదు." ఆవిణ్ణి చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు, చివరకు దిమ్మె మీద కూర్చున్న కొండమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క హజ్రా బీ మాత్రం తల దించుకుని నిలబడింది.

నాగేంద్రమ్మ లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "లాంచిలో నా చెయ్యి నలిపేసింది అందుకా? నాకు ధైర్యం చెబతన్నావనుకున్నా. సరే, పద. ఇంతదూరం వచ్చి ఆయన్ని చూడకుండా పోతామా? నువ్వూ చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు. సారూ, ముందు నువ్వు నడువు. ఈమెని మాత్రం దారి చెప్పనియ్యబాక."

ఈసారి కుడి పక్క దారిలో పోయారు. ముందు శరత్, వెనక ఆడవాళ్ళు, చుట్టూ కాలేజీ పిల్లలు. పిల్లల్లో భార్గవి అనే అమ్మాయి నాగేంద్రమ్మకు భుజం ఇచ్చింది.

స్తూపం విశాలంగా, నేలకు దగ్గరగా ఉంది. లోపల ఇటుకల గోడలు బండిచక్రం ఆకుల్లా పరుచుకుని ఉన్నాయి. ఇది ఈ కొండ మీద కట్టింది కాదని, కింద లోయలో పదిహేడొందల ఏళ్ళ కిందట కట్టిందని, డ్యాం నీళ్ళు లోయను ముంచేస్తాయని ఇటుకలతో సహా పైకి తెచ్చి మళ్ళీ కట్టారని శరత్ చెప్పాడు.

"అంటే ఈయన కూడా ముంపు బాధితుడే" అంది ఒకావిడ. ఆవిడ పుట్టింటివాళ్ళు ఏదో ప్రాజెక్టు కింద ఊరు వదిలి వచ్చినవాళ్ళు. ఆవిడే ముందుకు పోయి దణ్ణం పెట్టింది.

కొంచెం అవతల రాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. నిలువెత్తు మనిషికి మించిన ఎత్తు. పైనుంచి కింది దాకా మడతలు మడతలుగా వస్త్రం. హజ్రా బీ ఆగిపోయింది. శాంతంగా ఉంటాడని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పింది గానీ ఆ మాట ఎవరి నోటిదో ఆవిడకే తెలియదు. ఇప్పుడు చూస్తే ఎండలో నిలబడి ఎవరి కోసమో కంగారు లేకుండా ఎదురుచూస్తున్నవాడిలా కనపడ్డాడు. పొద్దున మొదటి లాంచి కోసం అరుగు మీద అట్లా నిలబడేవాళ్ళు ఒకరిద్దరుంటారు. వాళ్ళు టీ కూడా తొందరపెట్టి అడగరు. అట్లాంటి మనిషి అనుకుంది. చుట్టూ చూసింది. చెట్ల సందుల్లోంచి నాలుగు వైపులా నీళ్ళే. అరగంట నుంచి నీళ్ళ నడి మధ్యలో నిలబడి ఉన్నా ఆ సంగతే గుర్తు రాలేదని ఆశ్చర్యపోయింది.

"ఈయన మోకాళ్ళు కనపడటల్లేదే" అంది నాగేంద్రమ్మ, వంగి వస్త్రం మడతల వంక చూస్తూ. "ఈయనకి నొప్పులు ఉండేయా సారూ?"

పిల్లలు కిసుక్కుమన్నారు. శరత్ మాత్రం నవ్వలేదు. "ఉండే ఉంటాయమ్మా. జ్ఞానం వచ్చాక నలభై అయిదేళ్ళు ఊరూరూ తిరిగాడు. అంతా కాలినడకే. ఎనభై ఏళ్ళ వయసులో కూడా నడుస్తూనే ఉన్నాడు."

"నలభై అయిదేళ్ళా? నడిచా?"

"ఎనభై ఏళ్ళప్పుడా?"

"ఆటో లేకుండానా?"

కొండమ్మ కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. పొద్దుట్నుంచి పోయిన పరువంతా తిరిగొచ్చినట్టు నడుమున చేతులు పెట్టుకుని గుంపు వైపు తిరిగింది. "ఇన్నారా? నేనేం చెప్పా? నడిచిన దేవుడు! నడిచినోళ్ళకే తగ్గిస్తాడు. ట్యాంకు కాడ తిరిగితే ఏంది, చేను గట్టు మీద తిరిగితే ఏంది? లెగండి, లెగండి, మొదలుపెట్టండి!"

ఈసారి చోటు చాలినంత ఉంది. ముప్పై నాలుగు మంది వరసలో తిరిగారు. నాగేంద్రమ్మ హజ్రా బీ చెయ్యి వదల్లేదు. "నేను ఎందుకులే అక్కా" అని ఆవిడ గునిసింది. "ఏం, పొయ్యి ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డావు, నీకు మోకాళ్ళు లేవా?" అని లాక్కుపోయింది పెద్దావిడ. మొక్కు సంగతి ఎవరి మనసులో వాళ్ళకు. నడక మాత్రం అందరిదీ ఒకటే. రెండో చుట్టులో హజ్రా బీ చూసేసరికి మడతకుర్చీ ఒంటరిగా చెట్టు కింద ఉంది. నాగేశ్వరరావు వరస చివర, ఎవరూ చూడకుండా, పంచె ఎగ్గట్టి నడుస్తున్నాడు.

తిరుగు లాంచికి ఇంకా వేళ ఉండగా హజ్రా బీ ఒక్కతే షెడ్డు దగ్గరికి పోయింది. ఫ్రాన్సిస్ పాదులు తవ్వుతున్నాడు.

"అన్నా, ఆ ముసలమ్మని నేనే."

"పొద్దున్నే తెలిసింది అక్కా."

"ఇక ఎవర్నీ ఇటు పంపనులే. నిన్ను ఇబ్బంది పెట్టా."

ఫ్రాన్సిస్ పార ఆపాడు. "పంపడం మానబాక" అన్నాడు. షెడ్డు వెనక బంతిపూల మడి చూపించాడు. పసుపూ నారింజా కలిసి నడుమెత్తు పెరిగి ఉంది. "ఇవన్నీ ట్యాంకుకి ఏసిన దండలే. ఎండినాక గింజలు దులిపి చల్లా. అటు పక్కకి అందరూ పోతారు. నా మొక్కల కాడికి ఎవరొస్తారు? ముందు బుద్ధుణ్ణి చూసి, తర్వాత ఇటు రమ్మని చెప్పు."

ఆవిడ సరేనంది. అతను కోసి ఇచ్చిన రెండు పూలు కొంగున ముడేసుకుంది.

మధ్యాహ్నం మూడింటికి రైట్ బ్యాంకులో దిగారు. తహసీన్ వేసి ఉంచిన బజ్జీలు పది నిమిషాల్లో అయిపోయాయి. బస్సు ఎక్కేటప్పుడు కూడా ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు పట్టింది. మోకాళ్ళు ఏమీ మారలేదు. కానీ రేపు పొద్దున ఆరింటికి ఎవరి చేను గట్టు మీద కలవాలో అప్పటికే వాదన నడుస్తోంది. నా చేనంటే నా చేనని ఇద్దరు గట్టిగానే పోట్లాడుకుంటున్నారు. కొండమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"వదినా! వచ్చే నెల బొల్లాపల్లి నుంచి మా చెల్లెలి ఊరోళ్ళని తీసుకొస్తా. ఆళ్ళవి నడుములు. ఏం చెప్పాలో ఆలోచించి పెట్టు!"

హజ్రా బీ నోరు తెరిచే లోపలే బస్సు మలుపు తిరిగింది.

ఆవిడ బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. తహసీన్ టీ తెచ్చి ఇచ్చింది. "ఎట్టా ఉంది అమ్మీ? చూశారా అన్నీ?"

హజ్రా బీ సగం గ్లాసు తాగింది. "ఎల్లుండి నువ్వు పో. కొట్టు నేను చూస్తా" అంది.

"నాకెందుకు అమ్మీ? నాకు మోకాళ్ళ నొప్పులు లేవు గదా."

"లేనప్పుడే పోవాల, పిచ్చిదానా. ఉన్నాక పోతే ఎక్కడ కూకోవాలా అని చూడటానికే సరిపోద్ది."

గురువారం పొద్దున మొదటి లాంచికి తహసీన్ వెళ్ళింది. హజ్రా బీ రేవు దాకా పోయి, కోడలి జాకెట్టు బకిల్ తనే పెట్టి, సాల్మన్ రాజుకి నిదానంగా పోనివ్వమని నాలుగుసార్లు చెప్పి, వెనక్కి వచ్చి పొయ్యి వెలిగించింది.